మొదటి జానెడు

2024 జులై 7, ఆదివారం

ఎడమచేతి చూపుడు వేలితో కొడుతున్నాను. ఒక్కో అక్షరం వెతుక్కునే సరికి చెప్పాలనుకున్నది మరిచిపోతున్నాను. ఇవాళ్టికి ఇంతే.

జులై 8, సోమవారం

కుడి మణికట్టు విరిగి ఐదు రోజులు. కనగానపల్లి దారిలో మోపెడ్ మీద నుంచి పడ్డాను. కుక్క అడ్డం వచ్చిందని అందరికీ చెప్పాను. కుక్క లేదు.

హిందూపురంలో ఎముకల డాక్టరు ఆరు వారాల కట్టు అన్నాడు. ఆరు వారాలు! మా నాయన పోయినప్పుడు కూడా నేను అన్ని రోజులు మగ్గానికి దూరంగా లేను.

నిన్న సాయిసుధ తన పాత లాప్‌టాప్ తెచ్చి నా ఒడిలో పెట్టింది. మాకు ఒక్కతే కూతురు. హిందూపురం కాలేజీలో పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. "నాయనా, ఊరికే కూచుంటే అమ్మ పానం తీస్తావు. ఇదో, దీంట్లో ఏమన్నా గీకు," అంది. తెలుగు అక్షరాలు పెట్టింది. చిన్న ప్రోగ్రాము ఎట్లా రాయాలో చూపించి, సాయంత్రం రైలుకు వెళ్ళిపోయింది. ఈ డైరీకి 'పాత బిల్లులు' అని పేరు పెట్టాను. ఆ పేరు చూస్తే ధర్మవరంలో ఎవరూ తెరవరు.

జులై 9, మంగళవారం

ఈరోజు ప్రోగ్రాము: ఒక వరుసలో నలభై చుక్కలు. వచ్చాయి.

జులై 10, బుధవారం

నలభై వరుసలు. ఒకటి విడిచి ఒకటి చుక్క. గళ్ళు పడ్డాయి. చూస్తూ చూస్తూ ఉంటే నవ్వొచ్చింది. ఇది మగ్గమే! పోగు లేస్తే చుక్క, లేవకపోతే ఖాళీ. మగ్గం నెత్తిన తిరిగే జకార్డు అట్టలకు బెజ్జాలు కొట్టి మేము చెప్పేది ఇదే కదా. అట్టల దండ ఒక చుట్టు తిరిగితే అదే పువ్వు మళ్ళీ వస్తుంది. ఇక్కడా అంతే.

పెద్ద సంగతి కనిపెట్టినట్టు సాయిసుధకు ఫోన్ చేశాను. "అవును నాయనా, మా పిల్లోళ్ళకు మొదటి రోజే చెప్తాం అది," అంది. నలభై ఏళ్ళు నేను చేసింది వాళ్ళకు మొదటి రోజు పాఠమా అని కాస్త కోపం వచ్చింది. అన్నం తిన్నాక పోయింది.

జులై 13, శనివారం

రెండు రోజులు కూర్చుని ప్రోగ్రాము మొత్తం ముందే మనసులో కట్టుకుని, తప్పులు చూసుకుని, అప్పుడు కొట్టాను. నడవలేదు. సాయిసుధ వచ్చి చూసి పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఇంత పెద్దది ఒకేసారి యాల రాస్తివి నాయనా? నాలుగు గీతలు రాయి, నడిపి చూడు. బాగలేకుంటే చెరిపెయ్. ఇదేమన్నా పట్టుదారమా, తెగితే ఏడ్చనీకి?"

"తప్పొస్తే?"

"వస్తేనే గదా తెలిసేది. రానీ."

సాయిసుధ పోయాక ఆలోచించాను. నాకు ఇది కొత్తేమీ కాదు. మగ్గానికి కొత్త పడుగు ఎక్కించినప్పుడు మొదటి జానెడు చీరలోకి రాదు. పోగులు సరిగా లేస్తున్నాయా, అంచు ఎట్లా పడుతోంది, రంగు మీద రంగు ఏమంటోంది అని పాత దారంతో నేసి చూసుకుని, తర్వాత కోసి పారేస్తాం. ఆ జానెడులో ఎంత తప్పు చేసినా ఎవరూ అడగరు. మా నాయన కూడా ఆ జానెడులో నన్ను తిట్టేవాడు కాదు. చీర మొదలయ్యాక మాత్రం వీపు పగిలేది.

కాబట్టి ఈ పెట్టె నిండా మొదటి జానెళ్ళే. బాగుంది.

జులై 16, మంగళవారం

పట్టు ఇచ్చి నేయించుకునే సావుకారు చీరలు రెండు మగ్గం మీద మిగిలి ఉన్నాయి. శ్రావణమాసం పెళ్ళిళ్ళకు ఇవ్వాలి. పొద్దున నా భార్య అనసూయ, "నేను నేస్తా," అంది. వద్దన్నాను. మా ఇంట్లో ఆడవాళ్ళు మగ్గం గుంతలో దిగరు. మా వీధిలో ఇంటింటా ఆడవాళ్ళు నేస్తారు, అది వేరే సంగతి. మా నాయన మాట అది. ఆడవాళ్ళు రాట్నం దగ్గర కూర్చుని దారం కండెలు చుట్టాలి, మగవాడు నేయాలి. ముప్పై ఒక్క ఏళ్ళుగా అనసూయ చుడుతోంది, నేను నేస్తున్నాను.

ఇవన్నీ నేను చెప్పి ముగించేసరికి అనసూయ గుంతలో కూర్చుని ఉంది.

"ఎప్పుడు నేర్చినావు?" అన్నాను.

"పెండ్లికి ముందు. పెనుకొండలో మా నాయన మగ్గం మీద. నువ్వెప్పుడన్నా అడిగితివా?"

అడగలేదు.

జులై 17, బుధవారం

గోపురం అంచు వేసే ప్రోగ్రాము రాశాను. ఒక అంకె మారిస్తే గోపురం లావవుతుంది, ఇంకో అంకె మారిస్తే రెండు గోపురాల మధ్య ఎడం పెరుగుతుంది. పొద్దుటి నుంచి పద్నాలుగు రకాలు చూశాను. గ్రాఫు కాగితం మీద ఇన్ని వేయాలంటే రెండు నెలలు పట్టేది, అందులో పదమూడు వేసే ధైర్యమే ఉండేది కాదు. పదకొండోది దరిద్రంగా ఉంది. దాన్ని తలకిందులు చేస్తే పన్నెండోది వచ్చింది. అది బాగుంది! దరిద్రపుది వేసి ఉండకపోతే బాగున్నది వచ్చేది కాదు.

హాయిగా ఉంది. ఈ ముక్క ఎవరికీ చెప్పను. చెయ్యి విరిగినవాడు హాయిగా ఉన్నానంటే బాగుండదు.

జులై 18, గురువారం

అనసూయ నేత గురించి రాయదలుచుకోలేదు.

జులై 19, శుక్రవారం

పక్కింటి నాగప్ప వచ్చాడు. అతనికీ మగ్గమే. "ఏమప్పా ఆదినారాయణా, పెండ్లాం నేస్తాంటే నువ్వు సినిమాలు చూస్తాండావంట?" అన్నాడు. ప్రోగ్రాము చూపించాను. కాసేపు చూసి, "చుక్కలే గదా," అని వెళ్ళిపోయాడు. పోతూ పోతూ మగ్గం దగ్గర ఆగి గుడ్డ మీద చెయ్యి వేసి చూశాడు. "అక్కా, అంచు భలే నిలబడిందే!" అన్నాడు.

నాకేం అసూయ లేదు.

జులై 22, సోమవారం

ఊరికే ఒక ఆలోచన వచ్చింది. కంప్యూటరులో మీట నొక్కిన ప్రతిసారీ కాలం ఎంత గడిచిందో తెలుస్తుందట. సాయిసుధ ఫోనులోనే రెండు గీతలు చెప్పింది. అవి పెట్టి, పక్క గదిలో అనసూయ దారం కండె పెట్టిన నాడెను పడుగులోంచి విసిరిన చప్పుడు వచ్చినప్పుడల్లా మీట నొక్కాను. రెండు చప్పుళ్ళ మధ్య ఎంత ఎడముంటే ఆ వరుసలో అన్ని చుక్కలు. ఇది కేవలం మీట పని చేస్తోందా లేదా అని చూడటానికే.

రెండు వందల వరుసలు వచ్చాయి. వరుసల చివర్లన్నీ ఒకే చోట ఆగాయి, చీర అంచు లాగా నిలువుగా. ఆమె వేగం నాకంటే తక్కువే. ఆ మాట రాసి పెట్టుకుంటున్నాను. నాకంటే తక్కువే.

జులై 23, మంగళవారం

పోయిన ఉగాదికి సాయిసుధ నేను నేస్తుండగా ఫోనులో వీడియో తీసింది. నాలుగు నిమిషాలది. అది పెట్టుకుని అదే ప్రోగ్రాముతో మీట నొక్కాను.

ప్రోగ్రాములో తప్పుంది.

మళ్ళీ నడిపాను. ఫోను చప్పుడు సరిగా లేదు. మూడోసారి నడిపాను. ఇరవై వరుసలు బాగానే వస్తాయి, తర్వాత ఒక వరుస చుక్కలు చుక్కలుగా తెర అవతలి అంచు దాకా పోతుంది. మళ్ళీ ఇరవై. మళ్ళీ పొడుగు వరుస. గొర్రెలు పడి మేసిన చేను లాగా ఉంది.

ప్రోగ్రాము చెరిపేశాను.

జులై 24, బుధవారం

చెరిపినదాన్ని మళ్ళీ రాయడం ఇంత తేలికని తెలియదు. పది నిమిషాలు పట్టింది. అవే చుక్కలు.

నాకు తెలుసు అది ఏమిటో. రెండేళ్ళుగా ఇరవై సార్లు నాడె విసిరేసరికి కుడిచెయ్యి తిమ్మిరెక్కుతుంది. ఆపి, విదిలించి, మళ్ళీ అందుకుంటాను. క్షణమే కదా, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. మోపెడ్ మీద కూడా అదే జరిగింది. పిడి మీద వేళ్ళున్నాయో లేవో తెలియలేదు. ఇది నేను ఎవరికీ చెప్పలేదు. కట్టు విప్పాక ఈ విశ్రాంతితో అదీ తగ్గిపోతుంది. తగ్గకపోతే నేనెవరిని? మగ్గం తప్ప నాకు ఇంకేం రాదు. భయంగా ఉంది.

తగ్గిపోతుంది.

జులై 28, ఆదివారం

నిన్నటి నుంచి చిలకలు వేస్తున్నాను. ఇది అనసూయ వల్ల వచ్చింది. పెనుకొండలో వాళ్ళ పుట్టింటి ద్వారబంధానికి చిలకల వరుస చెక్కి ఉండేదట. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఇల్లు పోయింది, ద్వారబంధం ఎవరు ఎత్తుకుపోయారో తెలియదు. ఒక్క ఫోటో కూడా లేదు. నేను చుక్కలతో ఒక చిలకను వేసి చూపిస్తే, "మా చిలకలు ఇట్ల లావుగా లేవు. ఇది కోడి," అంది.

సన్నం చేశాను.

"తోక ఇంగా పొడుగు. ఒక చిలక తోక ఎనకదాని ముక్కుకు తగలాల."

తోకకు ఒక అంకె పెట్టి మార్చుకుంటూ పోయాను. పదిహేను రకాలు. ఆమె రాట్నం వదిలేసి నా పక్కన పీట మీద కూర్చుంది. పదిహేనో చిలకను చూసింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఇదే," అంది.

ఆమె కళ్ళతో ఎప్పుడో చూసినది నా చుక్కల్లోకి వచ్చింది! చాలా సంతోషంగా ఉంది.

ఒక్క దగ్గర మాట తేడా వచ్చింది. మా చిలకలు లోపలికి పోతుండేవి అంది. గుమ్మం దాటి ఇంట్లోకి వస్తున్నట్టు. అది ద్వారబంధానికి సరే, చీరకు కుదరదని చెప్పాను. చీర అంచు మీద పక్షులు ఎప్పుడూ పైట కొంగు వైపే నడవాలి. లోపలి కొంగు వైపు నడిస్తే నడుం దగ్గర కుచ్చిళ్ళలోకి దూరి మాయమవుతాయి, ఎవరు చూస్తారు? మా నాయన మాట అది.

"సరే, నీ ఇష్టం," అంది. రాట్నం దగ్గరికి పోయింది.

ఆగస్టు 8, గురువారం

చిలక పూర్తయింది. నిలువునా నలభై ఎనిమిది వరుసలు, అంటే నలభై ఎనిమిది అట్టలు. మగ్గం మీద నిలబడినట్టే నిలబెట్టాను, ముక్కు పైన, తోక కింద. లోపలి కొంగు నుంచి మొదలుపెట్టి పైట దాకా నేస్తాం కాబట్టి చిలకలు చక్కగా పైట వైపు పోతాయి. వరుసల పక్కన అంకెలు కూడా ప్రోగ్రామే వేసింది, ఒకటి నుంచి నలభై ఎనిమిది దాకా. దీనికి నేనే నన్ను మెచ్చుకున్నాను.

బజారులో ప్రింటు తీయించి చంద్రమోహన్ దగ్గరికి తీసుకుపోయాను. మా వీధి అట్టలన్నీ అతనే కొడతాడు. కాగితం అటూ ఇటూ తిప్పి, "మామా, ఒకటో నంబరు పైన ఉండాదే?" అన్నాడు.

"నలభై ఏండ్ల నుంచి నేస్తాండా. నాకు చెప్తావా? ఉన్నది ఉన్నట్టు కొట్టు," అన్నాను.

"నాదేం పోయె, కొడతా," అన్నాడు.

ఈ కాలం కుర్రవాళ్ళకు కంప్యూటర్ అంటే భయం.

ఆగస్టు 14, బుధవారం

కట్టు విప్పారు. చెయ్యి నాది కానట్టుంది, సన్నగా, తెల్లగా.

డాక్టరు వేళ్ళు ఒక్కొక్కటి గిల్లి చూశాడు. "ఇంతకుముందు తిమ్మిరి ఉండేదా?" అని అడిగాడు. లేదన్నాను. అనసూయ నా మొహం చూసింది. ఎముక అతుక్కుంది, నరం మాత్రం పాతదే, చాలా ఏళ్ళుగా నలిగి ఉంది అన్నాడు. రోజుకు గంట నేయవచ్చు, అంతకు మించి వద్దు అన్నాడు. బయట చాలామంది ఉన్నారు. తొందరలో చెప్పి ఉంటాడు.

తిరుగు రైలు పెనుకొండలో ఆగింది. అనసూయ కిటికీలోంచి ఊరి వైపు చూస్తూ కూర్చుంది. నేను చెయ్యి కండువా కింద దాచుకున్నాను. వేరుశనక్కాయలు కొని ఆమె ఒలిచింది, ఇద్దరం తిన్నాం.

ఆగస్టు 15, గురువారం

సావుకారు రెండు చీరలూ చూసుకుని తీసుకుపోయాడు. కొత్త పడుగు ఇచ్చాడు. ఈసారి అంచు నీ ఇష్టం అన్నాడు.

ఆగస్టు 20, మంగళవారం

అంతా ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

కొత్త పడుగు పోగులు పాత పోగులకు అతకడం నిన్నటికి అయింది. చిలక అట్టలు దండ కట్టి ఎక్కించాం. పొద్దున, "మొదటి జానెడు నేను నేస్తా," అన్నాను. అనసూయ పక్కకు తప్పుకుంది. గుంతలో కాళ్ళు పెట్టగానే నెలన్నర దిగులు పోయింది. నాడె విసిరాను. కాళ్ళు, చేతులు, చప్పుడు, అన్నీ వాటి చోట్లలోకి వచ్చాయి. లోపల ఆమె రాట్నం తిరుగుతోంది.

ఇరవై దాటింది. చెయ్యి పోయింది. ఆపాను, విదిలించాను, మళ్ళీ అందుకున్నాను. మళ్ళీ ఇరవై. మళ్ళీ ఆపాను.

తల వంచి గుడ్డ చూస్తే చిలక ముక్కు కనబడింది. ముక్కు ముందు రాకూడదు. తోక ముందు రావాలి. ఒక నిమిషం అర్థం కాలేదు, తర్వాత చెమట పట్టింది. మగ్గం కింది నుంచి పైకి నేస్తుంది. గ్రాఫు కాగితం మీద అడుగు గీతే మొదటి అట్ట, ఇది మగ్గం నేర్చుకునే పిల్లవాడికి మొదటి రోజు పాఠం. కంప్యూటర్ పై నుంచి కిందికి రాస్తుంది. అది పైన ఒకటి వేస్తే నేను ఒకటి అనుకున్నాను. నెలన్నర తెర చూసి చూసి, నలభై ఏళ్ళ మగ్గం మరిచిపోయాను! చంద్రమోహన్ అడిగాడు కూడా. వాడికి ఏమని చెప్పాను! ఎంత సిగ్గేసిందో.

రాట్నం ఆగింది. అనసూయ వచ్చి నా భుజం మీదుగా చూసింది.

"అట్టల దండ తిప్పి కడతాలే. గంట పని," అన్నాను. "ఈ జానెడు ఎట్లాగూ కోసి పారేసేదే గదా."

"యాల తిప్పేది? మా ఇంటి చిలకలు ఇట్లనే పోతాండె. లోపలికి."

"మా నాయన..."

"మీ నాయన ఆడోళ్ళు గుంతలో దిగగూడదని గూడా చెప్పినాడు."

నేను నాడె అందుకోబోయి చెయ్యి విదిలించాను.

"ఇంగ లెయ్యి," అంది. "చెయ్యి విదిలిస్తాండావు."

"లేదే."

"రెండేండ్లుగా ఇంటాండా. ఇరవైసార్లు నాడె ఏస్తే ఒకసారి మగ్గం ఆగుతాది. రాట్నం కాడ కూచున్నోళ్ళకు చెవులు ఉండవా? నువ్వు చెప్తావేమో అని చూస్తి. చెప్పలే." ఆ వెంటనే అంది, "కుక్క గూడా లేదు గదా?"

"లేదు," అన్నాను.

నాకు ఆ సంగతి ఒప్పుకోవడానికి ఒక లాప్‌టాప్, ఒక వీడియో, ఒక ప్రోగ్రాము కావలసి వచ్చాయి. అదీ నాలుగుసార్లు నడిపాక. ఆమె రెండేళ్ళ ముందే గోడ అవతల కూర్చుని వినేసింది. తిడుతుందనుకున్నాను. నా చెయ్యి తీసుకుని కొంగుతో చెమట తుడిచింది. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను. ఇక్కడ దాచడమెందుకు.

తర్వాత గుంతలోంచి లేచాను. ఆమె దిగింది. చిలకలు లోపలికే పోతున్నాయి.

ఆగస్టు 25, ఆదివారం

సాయిసుధ వచ్చింది. మొదటి జానెడు కోసి దానికే ఇచ్చాం. చిలకల్ని వేలితో తడుముతూ, "నాయనా, ఇది తలకిందులు గదా?" అంది. అట్లాగే కావాలని చేశాం అని వాళ్ళమ్మ చెప్పింది. నేనూ తలూపాను. చంద్రమోహన్‌కు మాత్రం పొద్దునే పోయి నిజం చెప్పి వచ్చాను. వాడు టీ ఇప్పించాడు.

పొద్దున ఒక గంట నేను నేస్తాను. మిగతా రోజంతా అనసూయ. నేను ఎదురుగా లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటున్నాను. ఆమె నేస్తూ నేస్తూ ఏదో ఒకటి అడుగుతుంది. చిలక నోట్లో జామకాయ పెడితే ఎట్లుంటుంది? రెండు చిలకలు ఎదురుబొదురు నిలబడితే? నాలుగు గీతలు రాసి చూపిస్తాను. బాగలేదంటుంది, చెరిపేస్తాను. నిన్న తొమ్మిది చెరిపాను. ఇంత బాగా గడిచిన రోజు ఈ మధ్య లేదు.

ఇంకొకటి రాయాలి. జులై 19న నాకేం అసూయ లేదని రాశాను. ఉండేది. చాలా ఉండేది. ఆమె నా కంటే బాగా నేస్తుంది.

కండెలు ఎవరు చుట్టాలన్న మాట వచ్చింది. నేనే రాట్నం ముందు కూర్చున్నాను. ఎడమచేత్తో తిప్పడం కుదిరింది, గంటకు నాలుగు చుట్టాను. ముప్పై ఒక్క ఏళ్ళుగా వదులు కండె కనిపిస్తే మాట్లాడకుండా ఆమె వైపు వెనక్కి విసిరేవాణ్ణి. ఆమె మాట్లాడకుండా మళ్ళీ చుట్టేది.

నాలుగూ తీసుకుపోయి ఇచ్చాను. మూడోది వేళ్ళతో నొక్కి చూసి వెనక్కి విసిరింది. నేనూ నొక్కి చూశాను. వదులుగానే ఉంది. మళ్ళీ చుట్టాను.